అడుగులు కాదు, మీటర్లు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా ఎడిషన్‌లో 'హిమశిఖరాన్ని ముద్దాడిన కడప కుర్రాళ్లు' అని వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాయాల్సింది. సోమవారం సవరణ వేస్తారేమోనని చూశాను. మంగళవారం చూశాను. గురువారం వేశారు, సవరణ కాదు, సన్మానం ఫోటో. కింద అవే తప్పులు.

ఆ ఆరుగురు పిల్లల మీద నాకు ఏ కోపమూ లేదు. వీపున బ్యాగు మోసుకుని ఐదు రోజులు నడిచారు, చలిలో గుడారాల్లో పడుకున్నారు. మా ఊరి పిల్లలు, సంతోషమే. నా గొడవంతా రాసినవాళ్లతో, రాసింది చదవకుండా అచ్చేసినవాళ్లతో.

వాళ్లు పోయింది మనాలి దగ్గరి హంప్టా పాస్‌కు. మీ విలేకరి 'హంప్టా పాస్ శిఖరాన్ని అధిరోహించారు' అన్నారు. పాస్ అంటే శిఖరం కాదండీ, కనుమ. కొండల మధ్య ఈ లోయ నుంచి ఆ లోయలోకి దాటే దారి. గొర్రెల కాపరులు మందలు తోలుకుని దాటే దారి అది. ఇటు కులూ వైపు పచ్చగా ఉంటుంది, దాటి లాహౌల్‌లో దిగితే గడ్డిపోచకు కూడా వెతుక్కోవాలి. జోజి లా, నాథు లా అంటుంటాం కదా, ఆ 'లా' అన్నా కనుమే. రాయచోటి బస్సు గువ్వలచెరువు ఘాట్‌లో రోజూ దాటేదీ కనుమనే. దాటి పాలకోవా కొనుక్కొచ్చిన వాళ్లందరికీ శాలువాలు కప్పుతున్నామా? తూర్పు కనుమల పక్కన కాపురముంటూ కనుమ అన్న మాటే మరిచిపోయాం.

సరే, భాష సంగతి వదిలేస్తాను. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాడికి చాదస్తం అనుకోండి. రెండో తప్పు మాత్రం వదలను. 'సముద్రమట్టానికి 4,270 అడుగుల ఎత్తున' అని వేశారు. 4,270 మీటర్లు! అంటే 14,000 అడుగులు. మీరు చెప్పిన ఎత్తు ఇంచుమించు మన హార్స్‌లీ హిల్స్‌ది. అక్కడికి మదనపల్లె నుంచి ఆర్టీసీ బస్సులో పోయి, బజ్జీలు తిని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. పదో తరగతి పిల్లోడు పరీక్షలో ఇలా రాస్తే మార్కు కోసేవాణ్ని.

దీనికింత రాద్ధాంతమా అంటారేమో. రిటైరైన ఏడాది, 2019 సెప్టెంబరులో, నేనూ ఆ కనుమ దాటాను. మన కడప ఉండేది 138 మీటర్ల ఎత్తులో. 4,270 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో ఇంచుమించు అరవై శాతమే. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెరగకూడదంటారు. ఒంటికి అలవాటు పడే టైమివ్వాలి. వయసులో ఉన్నాం, రోజూ జిమ్‌కు పోతున్నాం అంటే ఆ ఎత్తు వినదు.

కనుమకు ముందు మజిలీ బాలు కా ఘేరా. ఎత్తు 3,600 మీటర్ల చిల్లర. ఆ రాత్రి మా గుంపులో పాతికేళ్ల కుర్రాడొకడు తలనొప్పి అని అన్నం ముట్టలేదు. తెల్లారి బూటు లేసు కట్టుకోవడానికి కూర్చున్నాడు. ముడి పడదు. మళ్లీ కడతాడు, మళ్లీ జారిపోతుంది. మేం నవ్వాం. గైడు నవ్వలేదు. లేపి, ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్లకు తగిలేలా గీత మీద నడవమన్నాడు. మూడో అడుగుకే పక్కకు తూలాడు. అంతే, బ్యాగు కూడా సర్దుకోనివ్వకుండా ఒక మనిషిని తోడిచ్చి కిందికి పంపేశాడు. మెదడుకు నీరు పట్టడం మొదలైతే ఇలాగే తూలతారట, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పట. దానికి మొదటి వైద్యం కిందికి దిగడమే. కిందికి చేరాక ఆ అబ్బాయి కోలుకున్నాడు. మేం నవ్వుకుంటూ ఇంకో గంట గడిపి ఉంటే ఏమయ్యేదో!

ఆ ట్రిప్‌కు మెడికల్ సర్టిఫికెట్ కావాలన్నారు. మన టౌన్లోనే ఒక క్లినిక్‌కు పోయాను. బీపీ చూడలేదు, నాడి పట్టలేదు, కుర్చీలో కూర్చోమని కూడా అనలేదు. కాంపౌండర్ డబ్బు తీసుకున్నాడు, సంతకం లోపలి నుంచి వచ్చింది. నాకప్పటికే అరవై నిండాయి. 'ఎక్కడికి పోతున్నారు సార్' అని అడిగిన పాపాన పోలేదు. డ్రైవింగ్ లైసెన్సుకూ అదే సంతకం, హిమాలయాలకూ అదే సంతకం.

సన్మానంలో ఒక అధికారి 'యువత వీరిని ఆదర్శంగా తీసుకోవాలి' అన్నారని రాశారు. తీసుకుంటారు సార్, ఎక్కడ ప్రాక్టీస్ చెయ్యాలి? మా కాలనీ గ్రౌండ్‌కు పొద్దున ఏడింటి దాకా తాళం. తీసేసరికి ఎండ. పోనీ గండికోటకు పోదామా! పోయిన చలికాలం నేను పోయినప్పుడు పెన్న లోయ అంచుకు నాలుగు బారల దూరంలో టెంట్లు వేసి అద్దెకిస్తున్నారు. కంచె లేదు, లైటు లేదు, అడిగే నాథుడు లేడు. చీకట్లో పక్కకని లేచినవాడు ఎటు పోతాడో దేవుడికెరుక. పొద్దున్నే చూస్తే బండల సందుల్లో బీరుసీసాలు. ఆదర్శం అన్న మాట నోట్లోంచి రావడానికి ఖర్చేముంది!

అసలు విషయానికొస్తాను. మా ఎదురింటి పిల్లోడు, డిగ్రీ రెండో ఏడు, మీ పేపర్ కటింగ్ పట్టుకొచ్చి 'నాలుగు వేల అడుగులే కదా సార్, మేమూ పోతున్నాం' అన్నాడు. నలుగురు స్నేహితులు. కొత్త బూట్లు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. గైడు ఎందుకు దండగ, ఫోన్లో మ్యాప్ ఉంది అంటున్నారు. మీటర్లు అని నేను చెప్తే, 'పేపర్లో అలా వేయలేదు సార్' అన్నాడు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడి మాట కంటే మీ అచ్చు మీదే వాడికి నమ్మకం.

వాళ్ల రైలు పన్నెండో తారీకున. సవరణ ఆలోగా వేయండి. ఏ మూలనో చీమతలకాయంత అక్షరాల్లో కాకుండా, ఫోటో వేసిన చోటే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, కడప