సౌండింగ్ రాకెట్‌కూ చప్పుడుకూ సంబంధం లేదు

సంపాదకులకు,

మొన్నటి ఆదివారం అనుబంధంలో సౌండింగ్ రాకెట్‌ను 'ధ్వని రాకెట్' అని రాశారు. ఓడ సరంగులు సీసపు గుండు కట్టిన తాడు వదిలి నీటి లోతు చూడడాన్ని ఇంగ్లిషులో సౌండింగ్ అంటారు. ఇక్కడ లోతుకు బదులు ఎత్తు, అంతే తేడా. బెలూన్లు నలభై కిలోమీటర్లు దాటడం అరుదు. రెండు వందల కిలోమీటర్ల దిగువన ఉపగ్రహం ఎక్కువ రోజులు నిలవదు. ఆ మధ్యలోని గాలిని నేరుగా తాకి చూడాలంటే ఈ రాకెట్టే దిక్కు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటుంది. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరింది 'స్వదేశీ రాకెట్' కాదు, అమెరికా వారి నైకీ-అపాచీ. లోపలి సోడియం ఆవిరి పరికరం ఫ్రాన్సుది. పొద్దుగుంకే వేళే ఎందుకు వదిలారంటే, నేల మీద చీకటి పడ్డా వంద కిలోమీటర్ల పైన ఇంకా ఎండ ఉంటుంది. రాకెట్ పైన వదిలిన సోడియం ఆవిరి చార ఆ ఎండ తగిలి నారింజ రంగులో వెలుగుతుంది. దూరదూరంగా పెట్టిన కెమెరాలతో ఒకే క్షణాన ఫొటోలు తీసి, వెనకున్న చుక్కలను బట్టి చార ఎటు జరిగిందో లెక్కగడితే అక్కడి గాలి వేగం తెలుస్తుంది. మబ్బు పట్టిందా, రాకెట్ ఎంత బాగా ఎగిరినా దండగే.

మన సొంతది ఆర్‌హెచ్-75 (ఆర్‌హెచ్ అంటే రోహిణి). 1967 నవంబరు 20న తుంబాలోనే ఎగిరింది. 75 అంటే మిల్లీమీటర్లలో దాని వ్యాసం, మూడంగుళాలు. బరువు 32 కిలోలు, ఎక్కింది సుమారు 10 కిలోమీటర్లు. విమానాలు తిరిగే ఎత్తేగా అని తీసిపారేయకండి. ఘన ఇంధనపు దిమ్మెలో సన్నటి పగులున్నా చాలు, మంట అందులోకి దూరుతుంది. మండే వైశాల్యం పెరిగి, రాకెట్ గొట్టం ఓర్చుకోలేనంతగా లోపలి ఒత్తిడి పెరిగి మోటారు పేలిపోతుంది. పైగా ఇలాంటి రాకెట్‌కు దారి సరిచేసుకునే ఏర్పాటు ఉండదు, తోక రెక్కలే ఆధారం. లాంచరు (రాకెట్‌ను నిలిపి వదిలే చట్రం) మీది పట్టాను దాటేటప్పుడు రాకెట్ వేగం తక్కువ. అప్పుడు పక్కగాలి కొడితే ముక్కు గాలి వచ్చే వైపుకే తిరుగుతుంది. అందుకే ముందు బెలూన్లు వదిలి గాలి కొలిచి, లాంచరు వాలునూ దిశనూ సవరిస్తారు.

శ్రీహరికోట కథను కూడా 1979 నాటి ఉపగ్రహ వాహక రాకెట్ ఎస్ఎల్‌వీ-3తో మొదలుపెట్టారు. దానికి ఎనిమిదేళ్ల ముందే, 1971 అక్టోబరు 9న, అక్కడి నుంచి ఆర్‌హెచ్-125 ఎగిరింది. సవరణ వేసేటప్పుడు తేదీ పక్కన రాకెట్ పేరూ వేయండి.

- ఒక పాఠకుడు, సూళ్లూరుపేట