హాజరులో ఆ పిల్లల పేర్లు కూడా పిలవండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను గుంటూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచేసరికి మాకు ఏటా కొత్త పిల్లలు కొందరు కనిపిస్తారు. మిరప కోతలకు కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, ఆలూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి పొలాల పక్కన టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటాయి. పిల్లల్లో కొందరు పెద్దవాళ్లతో పాటే కాయలు కోస్తారు, కొందరు చంటివాళ్లను ఆడిస్తూ కూర్చుంటారు. మేం వెళ్లి కూలీల మేస్త్రీతో, తల్లిదండ్రులతో మాట్లాడితే కొందరు బడికి వస్తారు. సొంత ఊళ్లోనే, వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో ఉంచి చదివించడం మంచిదే. కానీ అమ్మను వదిలి ఉండలేని పిల్లలు ఎప్పుడూ ఉంటారు. ఈ ఉత్తరం వాళ్ల గురించే.

రెండేళ్ల కిందట ఏడో తరగతిలో ఒక పాప చేరింది. పాత బడి నుంచి టీసీ రాలేదు. అక్కడివాళ్లు ఆన్‌లైన్‌లో పాప పేరును డ్రాప్ బాక్స్‌లో, అంటే బడి వదిలిన పిల్లల జాబితాలో, పెడితే తప్ప అది మా బడికి మారదు. అందుకని రిజిస్టర్లో ఎక్కించలేదు. రోజూ అందరి పేర్లూ పిలిచేదాన్ని, ఆ పాప పేరు మాత్రం పిలిచేదాన్ని కాదు. ఫోన్లు చేసి ఆ కాగితం తెప్పించే టెన్షన్‌లో నాకు ఆ సంగతి తట్టనేలేదు. పదో రోజు అనుకుంటా, చివరి పేరు పిలిచి రిజిస్టర్ మూస్తుంటే ఆ పాప తనంతట తాను లేచి నిలబడి "ప్రజెంట్ టీచర్" అంది. క్లాసంతా గొల్లుమంది. పాప తల దించుకుని కూర్చుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదని ఐదో సెక్షన్‌లో స్పష్టంగా రాశారు. మేం చేర్చుకున్నాం కూడా. చట్టం ప్రకారం మా తప్పేమీ లేదు. అయినా ఆ పిల్ల మా మధ్య పది రోజులు పేరు లేకుండా కూర్చుంది.

మర్నాడు రిజిస్టర్ చివర పెన్సిల్‌తో ఆమె పేరు రాసి, నంబరు వేసి పిలిచాను. పలికింది. వెనక బెంచీ నుంచి తెచ్చి రెండో బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య కూర్చోబెట్టాను. అయినా మాట దగ్గర ఇబ్బంది పోలేదు. వేరుశనగ కాయల్ని ఆమె బుడ్డలు అన్నదని మగపిల్లలు వారం పాటు ఏడిపించారు. ఒకరోజు పాఠం పక్కన పెట్టి బోర్డు మీద వాళ్ల ఊరి మాటలు ఒకవైపు, మన మాటలు ఒకవైపు రాయించాను. మనం మరమరాలు అనేవి వాళ్లకు బొరుగులు. వాటిని నీళ్లలో తడిపి, పిండి, తాలింపు వేసి, పుట్నాల పొడి కలిపి ఉగ్గాని ఎలా చేస్తారో ఆ పాపే చెప్పింది. దాంట్లోకి మిరపకాయ బజ్జీ నంజుకుంటారని చెప్పేసరికి మా గుంటూరు పిల్లలకు ప్రాణం లేచొచ్చింది, ఒకటే ప్రశ్నలు. ఆ పాప అంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఇప్పుడు హాజరు ఫోన్‌లో యాప్‌లో వేస్తున్నాం. తల ఎత్తి చూసి నొక్కేస్తే అయిపోతుంది కాబట్టి పేర్లు పిలవడమే మానేసిన తరగతులు నాకు తెలుసు. పని ఒత్తిడి నాకూ ఉంది. కానీ దయచేసి నోటితో కూడా పిలవండి. యాప్‌లోకి ఇంకా రాని పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని చివర్లో కలిపి పిలవండి. హెడ్మాస్టర్లు, మండల విద్యాధికారులు (ఎంఈఓలు) తరగతులు చూడటానికి వచ్చినప్పుడు ఆ కాగితం ఉందా అని అడగాలి. జూన్‌లో ఇచ్చే యూనిఫాం, పుస్తకాలు జనవరిలో వచ్చిన పిల్లలకు అందవు. మిగిలిన కిట్లు ఏ బడిలో ఉన్నా వీళ్లకు చేర్చే ఏర్పాటు చేయాలి. రంగు చొక్కాతో ఒక్కరే ప్రేయర్‌లో నిలబడటం ఆ వయసులో చాలా కష్టం.

ఈ సోమవారం మా ఏడో తరగతిలో ముగ్గురు చేరారు. ఇంకా టీసీలు రాలేదు. వాళ్లవి 39, 40, 41 నంబర్లు.

ఒక ఉపాధ్యాయిని,
గుంటూరు