బండిని కాదు, ఆసామిని పట్టుకోండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పదిహేను రోజుల కిందట మీ ఎన్నారై పేజీలో వచ్చిన వార్త గురించి ఈ లేఖ. ఆ రోజే రాద్దామనుకున్నాను. మా అబ్బాయి "ఎందుకు నాన్నా, వదిలెయ్" అన్నాడు. సరే, వదిలేశాను. కానీ నిన్న సాయంత్రం వాకింగుకి వెళ్తే మళ్లీ అదే మూల, అదే చెట్టు కింద, అదే బండి. ఇక నావల్ల కాలేదు.

కాలిఫోర్నియాలో షాపింగ్ కార్ట్‌లు, అంటే మనం ట్రాలీలనే తోపుడు బండ్లు, రోడ్ల పాలవుతున్నాయని రాశారు. నిజమే. బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అపార్ట్‌మెంట్ల ముందు అవి పడి ఉంటున్నాయని రాశారు. అదీ నిజమే. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దల 'చేతివాటం' కూడా ఇందులో ఉందని, దాంతో మన పరువు పోతోందని రాశారు చూడండి, అక్కడ వచ్చింది తంటా. ఆ మాట చదివి మా ఆవిడ ఆ పూట కాఫీ ముట్టలేదు. ఎందుకంటే పోయిన నెల బండి ఇంటిదాకా తోసుకొచ్చింది ఆవిడే.

దాచడం దేనికి, ఎలా జరిగిందో చెబుతాను. అబ్బాయి, కోడలు ఆఫీసుకి వెళ్లారు. మాకు ఇక్కడ డ్రైవింగ్ లైసెన్స్ లేదు. కొట్టు అర మైలు దూరం. బస్సు గంటకొకటి, అదీ కొట్టు ముందు ఆగదు. ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా, ఒక గ్యాలన్ పాలు, పెరుగు డబ్బా, నాలుగు కట్టల గోంగూర. అరవై ఏడేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. ఆవిడ ఏం చేయాలి? బస్తా నెత్తిన పెట్టుకోవాలా? తోసుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే నేను ఖాళీ బండి తీసుకెళ్లి అప్పజెప్పి వచ్చాను. అక్కడున్న కుర్రాడు థాంక్స్ కూడా చెప్పాడు. బండిని వెనక్కి తెచ్చి ఇచ్చేవాణ్ణి అతను అదే మొదటిసారి చూడటమేమో, నేను వెళ్లేదాకా చూస్తూనే ఉన్నాడు.

తప్పు తప్పే, కాదనను. యజమాని అనుమతి లేకుండా బండిని బయటికి తీసుకుపోవడం ఈ రాష్ట్రంలో నేరం. పోనీ వాడుకుని ఇచ్చేద్దాంలే అనుకున్నా నేరమే. బండి హ్యాండిల్ మీద ఆ ముక్క రాసే ఉంటుంది. కానీ మీ విలేకరి ఆ చట్టాన్ని సగం దాకా చదివి ఆపేసినట్టున్నారు. మిగతా సగం నేను చదివాను. ముప్పై రెండేళ్లు మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసినవాడికి రిటైరైనా ఆ రోగం పోదు.

2025 నాటికి ఉన్న లెక్క చెబుతాను. రోడ్డు మీద పడి ఉన్న బండిని మున్సిపాలిటీ వాళ్లు చూశారనుకోండి. ముందు కొట్టు యజమానికి కబురు చెప్పాలి. కబురు అందాక మూడు పనిదినాలు ఆగాలి. అప్పటికీ వాళ్లు రాకపోతే తీసుకెళ్లి గోదాములో పెట్టాలి. ఆ గోదాము యజమానికి అనువైన చోట ఉండాలి, రోజుకి కనీసం ఆరు గంటలు తెరిచి ఉండాలి. ముప్పై రోజులైనా రాకపోతే అప్పుడు అమ్ముకోవచ్చు. ముందే ఎత్తుకెళ్లే దారి కూడా ఒకటుంది. అలా చేస్తే ఇరవై నాలుగు గంటల్లో కబురు చెప్పాలి, మూడు పనిదినాల్లోపు వాళ్లు వస్తే పైసా తీసుకోకుండా బండి ఇచ్చేయాలి. బండ్లు తీసుకెళ్లని కొట్టువాడికి జరిమానా మాటేమిటంటారా? ఆరు నెలల్లో మూడు సార్లు దాటితే, ఆపైన ఒక్కోసారికి 50 డాలర్లకు మించకూడదు. ఇంకా అసలు సంగతి వినండి. ఒక రోజున ఎన్ని బండ్లు పట్టుకున్నా అది 'ఒక్కసారి' కిందే లెక్క. ఒకటి దొరికినా 50 డాలర్లే, వంద దొరికినా 50 డాలర్లే. కొత్త బండి ఒక్కటి కొనాలంటే వంద డాలర్ల పైమాటే. ఈ కొట్టువాళ్లంత ముద్దుబిడ్డల్ని నా సర్వీసులో నేనెక్కడా చూడలేదు.

మన ఊళ్లలో బందెలదొడ్డి ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. ఊరి మీద పడ్డ గేదెనో ఎద్దునో తోలుకెళ్లి దొడ్లో కట్టేసేవారు. ఆసామి వచ్చి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఎవరూ రాకపోతే వేలం. 1871లో తెల్లదొరలు చేసిన చట్టం అది. అందులో ఏనుగుకి ఇంత, గేదెకి ఇంత, మేకకి ఇంత అని తలకో రేటు కట్టారు. పది గేదెలు పట్టుబడితే పది జరిమానాలు. 'ఒక రోజు కాబట్టి పదీ కలిపి ఒక గేదె' అని దొర కూడా అనలేదు. గేదె చేలో పడితే గేదెకి చేతివాటం ఉందని ఎవరమూ అనలేదు, ఆసామి ఎవడురా అని అడిగాం. ఇక్కడేమో ఆసామిని వదిలేసి, మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ మీద పడ్డారు మీరు.

బండి గేటు దాటకుండా ఆపడం కొట్టువాళ్లకి చేతకాక కాదు. నాకే ఒకసారి అనుభవమైంది. పార్కింగ్ చివర పసుపు గీత ఉంటుంది, దాని కింద భూమిలో తీగ వేస్తారట. గీత దాటేసరికి చక్రం టక్కున బిగుసుకుంది. బండి కదలదు, వెనక జనం నవ్వు. అలాంటి ఏర్పాటున్న కొట్టు బండి నాకు ఇంతవరకు రోడ్డు మీద కనపడలేదు. యూరప్‌లో చాలా చోట్ల నాణెం పెడితేగానీ గొలుసు ఊడదు, బండి తిరిగి పెడితేగానీ నాణెం రాదు. రెండిటికీ డబ్బు ఖర్చవుతుంది, కస్టమర్లు కూడా విసుక్కుంటారు. అందుకని కొందరు అవేమీ పెట్టకుండా బండ్లని ఊరి మీదకి వదిలేస్తున్నారు. వాటిని ఏరుకొచ్చే కూలీ ఖర్చు పన్ను కట్టేవాళ్లది. శాన్ హోసేలో కయోటీ క్రీక్, గ్వాడలూపే నది శుభ్రం చేసే వాలంటీర్లు నీళ్లలోంచి ఈ బండ్లని బయటికి లాగుతుంటారు. సెలవు రోజున మోకాళ్ల లోతు బురదలో దిగి, ఎవరో వ్యాపారి సరుకుని ఊరికే ఒడ్డున పెట్టి వస్తున్నారు వాళ్లు!

ఇల్లు లేనివాళ్లు తోసుకుంటూ తిరిగే బండ్ల సంగతి వేరు. వాళ్లకి అది బండి కాదు, బీరువా. లాస్ ఏంజెలెస్‌లో అలాంటివాళ్ల సామాన్లను నగరపాలక సంస్థ ఎత్తుకెళ్లి ధ్వంసం చేస్తే, 2012లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తప్పుపట్టింది. ఆ సంగతి మీ వార్తలో ఒక్క ముక్క లేదు.

ఇక అధికారుల చురుకుదనం. మా అబ్బాయి ఉండే ఊరికి ఫిర్యాదుల యాప్ ఒకటుంది. చెట్టు కింద బండి ఫోటో తీసి పెట్టించాను. నిమిషంలో నంబరు వచ్చింది. ఆహా, అమెరికా అనుకున్నాను. నాలుగో రోజు 'మీ ఫిర్యాదు పరిష్కరించాం' అని మెసేజ్. వెళ్లి చూస్తే బండి అక్కడే ఉంది, పైగా దానికి తోడు ఇంకోటి చేరింది. పద్నాలుగు వేల కిలోమీటర్లో ఎంతో దాటి వచ్చి, మా ఊరి ఆఫీసులోనే కూర్చున్నట్టనిపించింది. మేమూ అంతే చేసేవాళ్లం లెండి. కాకపోతే కాగితం మీద.

మన దగ్గర మాత్రం ఏం గొప్ప? బందెలదొడ్లు కూలి ఎక్కడికక్కడ షాపులైపోయాయి. ఆవులు డివైడర్ మీద నెమరేస్తుంటాయి. టైర్లు ఊడిన కార్లు, తుప్పుపట్టిన ఆటోలు ఏళ్ల తరబడి ఇళ్ల ముందు మొక్కలు మొలిపించుకుని కూర్చుంటాయి. పది గంటలకు మించి దిక్కులేకుండా పబ్లిక్ స్థలంలో వదిలేసిన వాహనాన్ని తీసేయొచ్చని 1988 మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షన్ ఉంది. పది గంటలు! మా వీధి చివర అంబాసిడర్ పదేళ్లుగా ఉంది. దాంట్లో కుక్క ఈనడం రెండు తరాలు చూశాను. దాని గురించి ఎవరి పరువూ పోదు, ఏ పేజీలోనూ వార్త రాదు.

శాన్ హోసే ప్రాంతపు రాష్ట్ర సెనేటర్ డేవ్ కోర్టెసీ 2025లో 753 నంబరు బిల్లు ఒకటి పెట్టారు. కబురు, మూడు రోజుల గడువు అంటూ కూర్చోకుండా బండిని నేరుగా కొట్టుకి చేర్చి, ఆ ఖర్చు కొట్టు దగ్గరే వసూలు చేసుకునే వీలు మున్సిపాలిటీలకి ఇవ్వాలని దాని సారాంశం. నూటయాభై ఏళ్ల కిందటి బందెలదొడ్డి జ్ఞానం ఇప్పటికి కాలిఫోర్నియా చేరుతోందన్నమాట. మీ వార్తకి అసలు తల ఇదే కదా? దాన్ని కోసేసి తోక పట్టుకుని ఊపారు.

ఆ చెట్టు కింద బండి సంగతి. నేనే తోసుకెళ్లి కొట్లో పెట్టి వస్తానంటే మా అబ్బాయి ఒప్పుకోవడం లేదు. "ఎవరైనా చూస్తే నువ్వే ఎత్తుకొచ్చావనుకుంటారు, విజిటర్ వీసా మీద ఉన్నావు, ఈ టెన్షన్ నాకొద్దు" అంటున్నాడు. రేపు వాడు నిద్ర లేవకముందే వెళ్తాను. ముందు కుడి చక్రం వంకరగా ఉంది, చప్పుడు చేస్తుంది. అయినా సరే. కావాలంటే మీరు దాన్ని కూడా చేతివాటమనే రాసుకోండి.

– ఒక రిటైర్డ్ శానిటరీ ఇన్‌స్పెక్టర్
గుంటూరు జిల్లా (ప్రస్తుతం కాలిఫోర్నియా)