జోడీని ర్యాంకు చూసి పిలవొద్దురా

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఎట్లుండావు? మీ పిల్లోళ్లు ఈసారి బడిపిల్లల రోబోల పోటీ ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో దిగతాండారని చదివి ఎంత సంబరపడ్డానో! రోబో సంగతి మీరు చూసుకుంటారులే. మనతో కలిసి ఆడే టీమును, అదే జోడీని, ఎంచుకునేటప్పుడు మాత్రం పోయినేడు మేం చేసిన తప్పు మీరు చెయ్యగూడదు.

క్వాలిఫయింగ్ మ్యాచుల్లో జోడీని మనం ఎంచుకోం, షెడ్యూల్‌లో ఎవరొస్తే వాళ్లే. మంచోళ్లు తగిలితే మామూలు రోబో కూడా పైకెక్కుతుంది. అది మరిచి, తర్వాతి మ్యాచులకు జోడీని పిలుచుకునే కెప్టెన్లమయ్యాక మిగిలినోళ్లలో పై ర్యాంకు టీమునే పిలిచేశాం. తీరా చూస్తే రెండు రోబోలదీ ఒకే పని, ఒకే దారి! రిమోట్ ముట్టుకోకుండా రోబో తనంతట తాను నడిచే మొదటి 30 సెకన్లలోనే రెండూ గుద్దుకుని నిలబడిపోయాయి. ఆ తర్వాత 2 నిమిషాలూ డ్రైవర్లు ఎంత తన్నుకులాడినా ఆ లోటు పూడలేదు. పిల్లోళ్ల మొహాలు చూడలేకపోయాన్రా.

అదే హాల్లో కింది ర్యాంకు టీమొకటి ఉండింది. మ్యాచ్ అయిన ప్రతిసారీ ఒక పాప అలెన్ కీతో చక్రాల స్క్రూలన్నీ బిగించి, స్క్రూ తల మీంచి పక్కనున్న ప్లేటు దాకా స్కెచ్ పెన్నుతో సన్నగా గీత గీసేది. గీత పక్కకు జరిగిందంటే స్క్రూ వదులైనట్టే. వాళ్ల రోబో నిదానమే, కానీ మేం చూసినంతలో ఒక్కసారీ ఆగలేదు. మా రోబో పోని మూలకు పోయేది. వాళ్లను పిలవలేదే అని ఇప్పటికీ మనసు పీకుతాంది.

అందుకే ఇద్దరు పిల్లోళ్లను నోటుబుక్కులిచ్చి గ్యాలరీలో కూర్చోబెట్టు. మ్యాచుకు నాలుగు రోబోలు, తలా రెండు. ఎన్ని పాయింట్లొచ్చాయని కాదు, ఏది ఎటు పోయింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, అది రాయమను. మధ్యాహ్నానికల్లా నచ్చిన టీముల దగ్గరికి పోయి మాట్లాడండి. పిలిస్తే వద్దన్న టీమును ఇంకో కెప్టెన్ పిలవడానికి లేదు కాబట్టి, ముందే మనసులు తెలుసుకుంటే ఇద్దరికీ మంచిది. రోబో తనంతట తాను నడిచే ఆటోనమస్ దారులు రెండు మూడు సిద్ధంగా పెట్టుకోండి, జోడీని బట్టి మార్చుకోవచ్చు.

వచ్చే ఆదివారం రోబోను తీసుకుని రారాదా? బైరాగిపట్టెడలో మా మేడ మీద 12 అడుగుల చదరంగా ఫీల్డు పరిచాం. మీదీ మాదీ కలిపి నడిపి చూద్దాం. అమ్మ సంగటి, చెనిగింజల ఊరిబిండి చేస్తానంది. స్కెచ్ పెన్నులు నేను కొనిపెడతాలే.

నీ కోసం ఎదురుచూస్తా,
నీ మామ