ఈ విడత యాంట్‌మైనర్ ఎస్‌1లను ఎందుకు అమ్మడం లేదు

మా దగ్గర పాతతరం బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రాలు (లెక్కలు చేసి బిట్‌కాయిన్లు సంపాదించిపెట్టేవి) కొని సేకరించుకునే మిత్రులందరికీ నమస్కారం. ఈ విడతలో ఇస్తామని చెప్పి, మీలో కొందరి దగ్గర అడ్వాన్సు కూడా తీసుకున్న యాంట్‌మైనర్ ఎస్‌1 యంత్రాలను, వాటితోపాటు వచ్చిన, కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టుకు తగిలించే చిన్న బ్లాక్ ఇరప్టర్ మైనర్లను అమ్మకూడదని నిర్ణయించాను. అడ్వాన్సులన్నీ పూర్తిగా తిరిగి పంపించాను. ఏళ్ల తరబడి మా మాట మీద నమ్మకంతో కొంటున్న మీకు డబ్బుతోపాటు కారణం కూడా దాచకుండా చెప్పడం నా విధి.

ఈ సరుకు మాకు చాలాకాలంగా పాత యంత్రాలు సరఫరా చేస్తున్న వ్యక్తి దగ్గర నుంచే వచ్చింది. 2014 నుంచి అవన్నీ ఒకే గోదాములో కట్టిపెట్టి ఉన్నాయని, ఎవరూ విప్పలేదని, సీరియల్ నంబర్లు తయారీదారు అతికించినవేనని ఆయన రాసి ఇచ్చాడు. తీరా పెట్టెలు తెరిస్తే యంత్రాలు తళతళలాడుతున్నాయి. ఎస్‌1 వాడిన వారెవరికైనా అక్కడే అనుమానం వస్తుంది. 2013 చివర్లో వచ్చిన ఆ యంత్రానికి ఇప్పటి మైనర్లకు ఉన్నట్టు నిండు తొడుగు లేదు. నడిచినంతకాలం ఫ్యాను గాలితోపాటు దుమ్మును కూడా చిప్‌ల వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్యకు తోస్తూనే ఉంటుంది. ఆ దుమ్మును ఎవరో కడిగారు. సీరియల్ నంబరు కాగితాల అంచుల పక్కన అంతకుముందున్న కాగితం తాలూకు జిగురు గీత వేరే కొలతలో కనిపించింది. యంత్రానికి ఉండే రెండు హ్యాష్‌బోర్డుల్లో (లెక్క చేసే చిప్‌లుండే బోర్డులు), మొత్తం 64 చిప్‌లలో, కొన్నింటి చుట్టూ సోల్డర్‌తో అతికేటప్పుడు వాడే ఫ్లక్స్ మరకలు, కొత్త సోల్డర్ మెరుపు ఉన్నాయి. కొన్ని యంత్రాల్లో రెండు బోర్డులూ ఒకే వయసువి కానే కావు. బ్లాక్ ఇరప్టర్లలోనైతే, సేకర్తలు వెతుక్కునే రంగు హీట్‌సింక్‌లను వేరే ముక్కల నుంచి తీసి వీటికి తగిలించారు.

ఫోన్ చేసి అడిగితే ఆయన కాదనలేదు. అలంకరించకపోతే ఎవరు కొంటారని, మీ ఖాతాదారులు అంత లోతుగా చూస్తారా అని నన్నే ఎదురు ప్రశ్నించాడు. సరుకు పోయినందుకంటే ఆ రెండో మాటకే నేను ఎక్కువ నొచ్చుకున్నాను. మీరు లోతుగా చూస్తారు కాబట్టే నేను ఈ వ్యాపారంలో ఉన్నాను.

ఇంత పట్టుదల ఎందుకని అడిగే కొత్తవారికి ఒక మాట. ఎస్‌1 సెకనుకు 180 గిగాహ్యాష్‌లు చేస్తుంది (హ్యాష్ అంటే మైనింగ్‌లో చేసే ఒక లెక్క, గిగా అంటే వంద కోట్లు), దానికి సుమారు 360 వాట్ల కరెంటు తాగుతుంది. అదే వరుసలో 2023లో ప్రకటించిన ఎస్‌21 సెకనుకు 200 టెరాహ్యాష్‌లు (టెరా అంటే వెయ్యి గిగాలు) చేస్తుంది, అంటే వెయ్యి రెట్లకు పైమాటే. అప్పట్లో ఒక బ్లాక్‌కు, అంటే లావాదేవీల ఒక కట్టను బిట్‌కాయిన్ పద్దులో చేర్చినందుకు, 25 బిట్‌కాయిన్ల బహుమానం ఉండేది. 2024 ఏప్రిల్ నుంచి అది 3.125. సెకనుకు 333 మెగాహ్యాష్‌లు, అంటే గిగాలో మూడోవంతు మాత్రమే చేసే బ్లాక్ ఇరప్టర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. సంపాదన కోసం ఈ రోజు వీటిని ఎవరూ కొనరు. 2013 జనవరిలో మొదటి అవలాన్ యంత్రం వచ్చి, ఈ పనికోసమే చేసిన చిప్‌లు గ్రాఫిక్స్ కార్డులను, ఎఫ్‌పీజీఏలను (కావలసిన పనికి మలచుకోగల చిప్‌లను) పక్కకు నెట్టేసిన ఆ కొద్దికాలపు చరిత్రకు ఇవి సాక్ష్యాలు. సాక్ష్యాన్ని దిద్దితే దాని విలువ మొత్తం పోతుంది.

అయినా ఏం చేయాలన్న దగ్గర నేను చాలా తర్జనభర్జన పడ్డాను. సరుకు వెనక్కి పంపితే డబ్బంతా ఇస్తానని సరఫరాదారు అన్నాడు. మా దగ్గర పనిచేసేవారు కూడా అదే మంచిదన్నారు. వారు అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ వెనక్కి పంపితే ఆ యంత్రాలు అవే కాగితాలతో, అదే కథతో, మరొక సేకర్త చేతికి చేరతాయి, వాటి లోపల ఏముందో తెలిసి కూడా పంపినవాడిని నేనవుతాను. ఉన్న సంగతి రాసి తక్కువ ధరకు అమ్మమని ఇద్దరు ముగ్గురు పాత ఖాతాదారులు సలహా ఇచ్చారు. మొదటిసారి కొన్నవారి దగ్గర మా చీటీ భద్రంగానే ఉంటుంది. వారి దగ్గర కొన్నవారి దాకా అది చేరుతుందని ఎవరు హామీ ఇస్తారు? పైగా వీటిలో చాలావరకు పనిచేస్తున్న యంత్రాలు. కరెంటు ఇవ్వగానే ఫ్యాను తిరిగి, బోర్డు లెక్క మొదలుపెడుతుంటే, దాన్ని విప్పేయాలని నిర్ణయించుకోవడం నాలాంటివాడికి సులువు కాదు. రెండుసార్లు నిర్ణయం మార్చుకుని, చివరికి విప్పేయడానికే కట్టుబడ్డాను. నష్టం మా దుకాణానిదే. దాన్ని మిగతా సరుకు ధరల మీద వేయను.

విప్పిన బోర్డులు, ఫ్యాన్లు, కనెక్టర్లు మీ యంత్రాల మరమ్మతులకు మాత్రమే వాడతాం. ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో మరమ్మతు కార్డు మీద రాస్తాం, తీసేసిన పాత భాగాన్ని మీకే ఇస్తాం. మరమ్మతును నేను తప్పుపట్టడం లేదు. అరిగిన ఫ్యాను మార్చవచ్చు, ఎండిపోయిన థర్మల్ పేస్టు తీసి కొత్తది రాయవచ్చు, కాలిపోయిన ఆరు పిన్నుల కనెక్టరును మార్చి తీరాలి. చేసిన పనిని చేసినట్టు చెబితే చాలు. నంబరు మార్చి, కథ అల్లడాన్ని మరమ్మతు అనరు.

ఇకమీదట లోపలి ఫొటోలు ముందుగా చూడకుండా ఏ సరుకుకూ డబ్బు కట్టను. దీనివల్ల కొత్త యంత్రాలు ఆలస్యంగా, తక్కువగా వస్తాయి. ఎస్‌1 కోసం ఎదురుచూస్తున్నవారికి ఎప్పటికి ఇవ్వగలనో ఇప్పుడు చెప్పలేను, అందుకే కొత్తగా అడ్వాన్సులు తీసుకోవడం కూడా ఆపేశాను.

ఇదే వ్యక్తి దగ్గర నుంచి ఇంతకుముందు వచ్చిన యంత్రాలు మీలో కొందరి దగ్గర ఉన్నాయి. అమ్మేముందు మేము తీసి దాచిన ఫొటోలన్నీ మళ్లీ పరిశీలించాం. ఇలాంటి జాడలు కనిపించలేదు. అయినా అనుమానం ఉన్నవారు యంత్రం పంపితే ఉచితంగా పరీక్షిస్తాం. నంబరు గాని, బోర్డు గాని మార్చినట్టు తేలితే మీరు కట్టిన ధరకే వెనక్కి తీసుకుంటాం. ఎప్పుడు కొన్నారన్న షరతు ఉండదు, రవాణా ఖర్చు మాదే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: మీరే చూద్దామని సీరియల్ నంబరు కాగితాన్ని పీకకండి, బోర్డును స్పిరిటుతో తుడవకండి. ఆ జిగురు గీత, ఆ ఫ్లక్స్ మరక చెరిగిపోతే అసలుదేదో తేల్చడం మా వల్ల కూడా కాదు.