సలేశ్వరం లోయలో జనాన్ని లెక్కపెట్టండి

తెలంగాణ అటవీ, పర్యావరణ, దేవాదాయ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. చైత్ర పౌర్ణమి దగ్గర పడిందంటే మా పాలమూరులో ఏటా అదే పంచాయితీ. నల్లమల అడవి లోయలో లింగమయ్యగా కొలువైన శివుడికి జరిగే సలేశ్వరం జాతర ఈసారి ఎన్ని రోజులు? భక్తులు ఐదు రోజులంటారు, కొందరు వారమంటారు. అటవీ శాఖ మూడు దగ్గర పట్టుబడుతుంది. బేరం తెగి చివరికి ఒక అంకె ఖాయమవుతుంది. లోయలో ఏం జరగాలన్నది మాత్రం లింగమయ్యకే వదిలేస్తారు.

అసలు పంచాయితీ పెట్టాల్సింది రోజుల మీద కాదని చెప్పడానికే ఈ లేఖ.

ఆ దారి ఎలాంటిదో ఫైళ్లలో కనబడదు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటాక ఫరహాబాద్ గేటు దగ్గర అడవిలోకి తిరగాలి. మట్టి బాటలో రాంపూర్ పెంట అనే చెంచుల గూడెం దాకా బండ్లు పోతాయి. ఆపైన కాలినడకే. కొండ అంచు పట్టుకుని లోయలోకి దిగాలి. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క అగాధం. కొన్ని చోట్ల ఒక మనిషి ఒరుసుకుంటూ పోయేంత సందు మాత్రమే ఉంటుంది. దిగేవాళ్లు "వత్తున్నం లింగమయ్యో" అని, ఎక్కేవాళ్లు "పోయొస్తం లింగమయ్యో" అని కేకలు పెడతారు. మొదటిసారి వింటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ రెండు కేకలూ ఒకే సందులో ఎదురెదురుగా ఆగిపోతే మాత్రం ఊపిరాడదు. వెనక నుంచి తోసేవాళ్లకు ముందేమైందో తెలియదు. సెల్‌ఫోన్ పలకని చోటు అది. 2023 ఏప్రిల్ జాతరలో ముగ్గురు భక్తులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

రోజులు తగ్గిస్తే జనం తగ్గుతారని అధికారులు అనుకుంటున్నారు. ఏడాదికి ఒక్కసారి తెరిచే దారి అది. మొక్కుకున్నవాళ్లు ఆగరు. ఐదు రోజుల్లో రావాల్సినవాళ్లు మూడు రోజుల్లోనే వస్తారు, పౌర్ణమి నాడైతే మరీ ఎక్కువ. అలాగని రోజులు పెంచి గేటు బార్లా తెరవమని కూడా నేననను. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చైత్రమంటే ఆకురాలిన అడవి, ఎండిన గడ్డి. ఒక్క బీడీ ముక్క చాలు. లోయ అడుగున గుండంలో మనం మునిగే నీళ్లే జంతువుల తాగునీళ్లు కూడా.

కాబట్టి ఐదు రోజులు ఇవ్వండి, రోజుకు ఇంతమందేనని గీత గీయండి. ఆ అంకె హైదరాబాద్‌లో కూర్చుని వేసేది కాకూడదు. అన్నిటికన్నా ఇరుకైన సందులోంచి గంటకు ఎంతమంది భద్రంగా దాటగలరో ముందే నడిపించి చూసి వేయాలి. ఫరహాబాద్ దగ్గరే టోకెన్ ఇచ్చి, దిగే వేళ దాని మీదే రాయండి. ఒంటివరస వంతెన మీద చెరో కొసన జెండా పట్టుకుని బండ్లను ఆపి వదులుతారు చూడండి, ప్రతి సందు దగ్గరా వాకీటాకీతో అలా ఇద్దరుండాలి. చీకటి పడ్డాక ఎవరినీ దించొద్దు. పేరున్నవాళ్లు వచ్చారని వరస ఆపే అలవాటు మన దగ్గర ఉంది, సలేశ్వరంలో దానికి చోటే లేదు.

సందుల దగ్గర నిలబెట్టాల్సింది చెంచులనే. అక్కడ పూజ చేసేది వాళ్లే. రాంపూర్ పెంట, అప్పాపూర్ పెంట వాళ్ల ఊళ్లు. ఏ రాయి కదులుతుందో, ఎక్కడ జారుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ బందోబస్తు సిబ్బందికీ తెలియదు. జాతర రోజులకు సరైన కూలి ఇవ్వండి. గేటు దగ్గర బండ్ల మీద వసూలయ్యే రుసుములో పెంటలకు వాటా రాసివ్వండి. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుల్లాంటి ఆదిమ తెగలకు ఆవాస ప్రాంతం మీద హక్కును గుర్తించింది. జాతర ఎలా జరగాలో నిర్ణయించే సమావేశంలో వాళ్లకు కుర్చీ వేయడం దయ కిందికి రాదు.

దేవాదాయ శాఖ పేరెత్తాలంటే నాకు కొంచెం జంకు. ఆదాయం కనబడితే కార్యనిర్వహణాధికారి వస్తాడు, హుండీ వస్తుంది, ఆ వెనకే సిమెంటు మెట్లు, రోప్‌వే ప్రతిపాదనలు వస్తాయి. దయచేసి అవేవీ వద్దు. ఏడాది పొడవునా దర్శనం కూడా వద్దు. పెద్దవాళ్లకు కష్టం కదా అంటారు. నిజమే, కష్టమే. అలాంటివాళ్లకు శ్రీశైలంలో మల్లన్న ఉన్నాడు, గుడి దాకా బస్సు పోతుంది.

ప్లాస్టిక్ సంగతి ఒక్క మాటలో చెప్తాను. కేదార్‌నాథ్‌లో 2022లో నీళ్ల సీసా మీద 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తిరిగిచ్చినవాళ్లకు ఆ డబ్బు వాపసు చేసే పద్ధతి పెట్టారు. అక్కడ కుదిరింది ఫరహాబాద్ గేటు దగ్గర కుదరకపోదు.

ఉగాదికీ చైత్ర పౌర్ణమికీ మధ్య పదిహేను రోజులే గడువు. అందుకే రోజులు, రోజుకు ఎంతమంది, దిగే వేళలు ఉగాదిలోపే ఉత్తర్వుగా ఇవ్వండి. అచ్చంపేట, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ బస్టాండ్లలో పెద్ద అక్షరాలతో అంటించండి. కింద సంతకం ఏ అధికారిదో కూడా కనబడాలి.

ఇట్లు,
పాలమూరు నుంచి ఒక లింగమయ్య భక్తుడు