కొండెక్కినవారు దిగారో లేదో చూసేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

శుక్రవారం రాత్రి బెంగళూరులోని మడివాళ, మారతహళ్లిలలో పశ్చిమ కనుమలకు వెళ్లే ట్రెక్కింగ్ బస్సులెక్కేవారిలో మన తెలుగు పిల్లలు చాలామందే ఉంటున్నారు. 2024 జనవరి చివరి సెలవుల్లో ఆ కనుమల్లోని కుమార పర్వతం దారి జనంతో కిక్కిరిసిన తరువాత, కర్ణాటక అటవీశాఖ ఆన్‌లైన్ బుకింగ్ తప్పనిసరి చేసి రోజువారీ పరిమితి పెట్టడం మంచి పని. కాని ఎంతమంది ఎక్కుతారో టికెట్టు చెబుతుంది గాని, ఎంతమంది దిగారో చెప్పదు. నా విన్నపమంతా ఈ రెండో లెక్క గురించే.

ఇటీవల మేము వెళ్లిన ఒక కొండ దగ్గర చెక్‌పోస్టు సిబ్బంది మా సంచుల్లోని ప్లాస్టిక్ సీసాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి డిపాజిట్ కట్టించుకున్నారు. దిగాక సీసాలన్నీ చూపిస్తేనే డబ్బు తిరిగి ఇచ్చారు. అడవి శుభ్రంగా ఉండాలంటే ఆ పట్టుదల ఉండాల్సిందే. అయితే పొద్దున మా పేర్లు రాసుకున్న రిజిస్టరును మాత్రం సాయంత్రం ఎవరూ తెరవలేదు. మాలో ఇద్దరు వెనకబడి, చీకటి పడ్డాక ఫోను వెలుగులో దారి వెతుక్కుంటూ దిగారు. బస్సులో సీట్లు ఖాళీగా కనిపించేదాకా వాళ్లు రాలేదని నిర్వాహకుడికే తెలియదు.

కుమార పర్వతానికి కుక్కే సుబ్రహ్మణ్య వైపు నుంచి వెళ్తే, దారి మధ్యలోని గిరిగద్దె దాటాక నీడలేని గడ్డి వాలుల మీదుగా సుమారు 1,700 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. అక్కడ ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం, మంచు కమ్మితే ముందున్న మనిషే కనబడడు, ఎండాకాలంలో ఆ గడ్డికి నిప్పురవ్వ చాలు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చుకు 20 మందికి పైగా ట్రెక్కర్లు బలయ్యారు. అలాంటి వేళ లోపల ఎవరెవరు ఉన్నారో తెలియకపోతే, వెతకడానికి వెళ్లినవారు ఎవరి కోసమని వెతకాలి?

కనుక దిగివచ్చిన ప్రతి ఒక్కరి పేరూ రిజిస్టరులో కొట్టివేయాలనీ, బృందాన్ని తెచ్చిన నిర్వాహకుడి గుర్తింపు కార్డును అందరూ దిగేదాకా చెక్‌పోస్టులోనే ఉంచుకోవాలనీ, చీకటి పడేలోగా రానివారి కోసం వాకీటాకీ, స్ట్రెచర్‌లతో బయలుదేరగల స్థానిక గైడ్లను సిద్ధంగా ఉంచాలనీ కోరుతున్నాను. తమిళనాడు 2024లో 40 ట్రెక్కింగ్ దారులను తెరిచినప్పుడు స్థానిక గిరిజన యువతకు శిక్షణనిచ్చి గైడ్లుగా నియమించింది. ఇక్కడ కూడా టికెట్ల మీద వచ్చే సొమ్ములో కొంత ఇందుకు కేటాయించి, వచ్చే సీజనుకు దారులు తెరిచేలోగానే అటవీశాఖ ఈ ఏర్పాట్లు చేయాలి.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు